కాలు తీసినా వదలని బ్రేకు

మా నాన్న కారు నడపడం మానేసింది నావల్లే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మాది అవనిగడ్డ. 2003లో, నేను రెండో తరగతిలో ఉండగా నాన్న మారుతి 800 కొన్నాడు. పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని మరీ ఉంచుకున్నాడు. నెలకోసారి గుడివాడలో ఉన్న మా అత్తయ్యను చూడ్డానికి ఆ బండి మీదే వెళ్లొచ్చేవాడు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటితే ఇల్లు.

ఒకరోజు ఫోన్ చేసి, "బండి లాగట్లేదురా. ఎడం పక్కకి గుంజుతోంది, ఎడం ముందు చక్రం దగ్గర మాడు వాసన" అన్నాడు. బందరులో ఓ మెకానిక్‌కి చూపిస్తే బ్రేక్ ప్యాడ్లు మార్చాడు. పది రోజులకు మళ్లీ అదే. కాలిపర్ విప్పి శుభ్రం చేశాడు. మళ్లీ అదే. చివరికి, "పెద్దాయన కాలు పెడల్ మీదే ఉంచేస్తున్నారేమో" అని నాకే ఫోన్లో చెప్పాడు. నేను నమ్మేశాను. నాన్నకి అరవై ఎనిమిది, మోకాళ్ల నొప్పులు. "ఇంక బస్సులో వెళ్లు నాన్నా" అన్నాను.

"నేను కాలు తీసేస్తూనే ఉన్నానురా. అదే వదలట్లేదు" అన్నాడు. తర్వాత తాళం బీరువాలో పెట్టేశాడని అమ్మ చెప్పింది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. యూజర్ వచ్చి ఏదో తేడాగా ఉందంటే, ముందు అతన్ని అనుమానించకూడదని జూనియర్లకు చెప్పేది నేనే. నాన్న విషయంలో ఆ మాట గుర్తుకు రాలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు తాళం అడిగి తీసుకున్నాను. పులిగడ్డ దాకా పోయి వచ్చాను. నా కాలు పెడల్‌కి దూరంగానే ఉంది. దిగి చూస్తే కుడి చక్రం గోరువెచ్చగా ఉంది, ఎడమది చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. అప్పుడు నా మొహం కూడా అలాగే అయ్యింది.

చల్లారాక జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి చక్రం విప్పాను. డిస్క్ బ్రేకులో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగేమీ ఉండదు. పెడల్ నొక్కినప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కొంచెం మెలిపడుతుంది. కాలు తీశాక అది సర్దుకుంటూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే. కాబట్టి బ్రేకు పట్టేసిందంటే పిస్టనో, పిన్నులో తుప్పుతో బిగుసుకుని ఉండాలి, లేదా ఆయిల్ వెనక్కి పోలేక ప్రెజరు లోపలే చిక్కుకుని ఉండాలి. ముందు ఈ రెంటిలో ఏదో తేల్చాలి.

నాన్నని సీట్లో కూర్చోబెట్టి, "నొక్కు... వదులు" అన్నాను. వదిలాడు. డిస్క్ తిరగలేదు. కాలిపర్ మీది బ్లీడింగ్ నిపుల్ వదులు చేస్తే ఆయిల్ చివ్వున చిమ్మింది, డిస్క్ హాయిగా తిరిగింది. అంటే తుప్పు కాదు, ప్రెజరే.

నిపుల్ బిగించి మళ్లీ నొక్కించాను. ఈసారి ఇనప పైపు వచ్చి రబ్బరు హోస్‌లో కలిసే జాయింట్ వదులు చేశాను. ఆయిల్ కారింది కానీ డిస్క్ కదల్లేదు. మాస్టర్ సిలిండర్ దోషమైతే అక్కడే వదిలేయాలి. జాయింట్ బిగించి, నిపుల్ తెరవగానే మళ్లీ వదిలేసింది. దొంగ ఆ రెంటి మధ్యా ఉన్న జానెడు హోసు.

విప్పి కోసి చూస్తే పైన చక్కగానే ఉంది, లోపలి గొట్టం చీలి నాలుకలా వేలాడుతోంది. కాలి బలానికి ఆయిల్ దాన్ని తోసుకుని పోతుంది. వెనక్కి తోయడానికి ఆ చిన్న సీలుకి అంత బలం లేదు. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు, ఎవర్నీ అనడానికి లేదు.

మాకు డాట్ 3 బ్రేక్ ఆయిల్. కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకుంటే ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మా దివిసీమ గాలిలో తేమకేం కొదవ? ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. నాన్న మాట వినకుండా నేను పక్కన పెట్టింది ఇంత ప్రమాదాన్ని. ఆ బండి ఎవరికైనా అమ్మేసి ఉంటే?

గుడివాడలో రెండు వైపులకీ కొత్త హోసులు కొని తెచ్చాను. వాటిని వేసి, పాత ఆయిల్ మొత్తం తీసేసి, గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేశాం. పెడల్ నాన్నది, స్పానర్ నాది. పని మధ్యలో, "తప్పు నాదే నాన్నా" అన్నాను. "సరేలే, నిపుల్ బిగించు" అన్నాడు.

కనుమ మర్నాడు అత్తయ్య దగ్గరికి బయల్దేరాం. డ్రైవింగ్ నాన్నే. చల్లపల్లి దాటాక ఎదురుగా ఓ లారీ మీదికొచ్చినట్టు అనిపించి, పక్క సీట్లో ఉన్న నేను కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కాను. నాన్న ఓరకంట చూసి నవ్వాడు.

"ఇప్పుడు చెప్పు, బ్రేక్ మీంచి కాలు తీయంది ఎవరు?"