చిన్న మాటలే కొరుకుడు పడవు

ఎదుటి మనిషికి ఇంగ్లీషు అంతగా రాదనిపిస్తే ఈ అమెరికా వాళ్లు వెంటనే చిన్న చిన్న మాటల్లోకి దిగిపోతారు. మంచి మనసుతోనే చేస్తారు. నా ప్రాణం విసిగేదీ అక్కడే.

మొన్న అమ్మకి కడుపులో బాగాలేక క్లినిక్‌కి తీసుకెళ్లాను. నర్సు వంగి, ఎంతో ఓపిగ్గా "త్రో అప్ చేశారా?" అని అడిగింది. అమ్మ నా వంక చూసింది. అర్థం కాలేదని గ్రహించి ఆ పిల్ల ఇంకా సులువు చేయబోయి "ఎనీథింగ్ కమ్ అప్?" అంది. అమ్మ ముఖం చిన్నబోయింది. "వామిటింగ్" అని ఉంటే టక్కున చెప్పేది కదా! ఆ మాట మా ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు దగ్గర్నుంచి పాలు పోసే అతని దాకా అందరి నోటా ఉన్నదే. ఆ తర్వాత అమ్మ తనంతట తనే "మోషన్స్" అంది. ఈసారి తెల్లబోవడం నర్సు వంతయింది. ఆ మాటకి విరేచనమన్న అర్థం బ్రిటిష్ నిఘంటువుల్లో నిక్షేపంగా ఉంది. అమ్మ తప్పేమీ మాట్లాడలేదు.

ఇంగ్లీషులో బరువంతా మోసేది ఈ పొట్టి మాటలే. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో 'సెట్' అన్న ఒక్క క్రియకే 430 దాకా అర్థాలున్నాయి. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అప్ విత్' అంటే భరించడం. ఇక 'పుట్ డౌన్' అంటే కింద పెట్టడమూ అదే, కించపరచడమూ అదే, జబ్బుపడ్డ కుక్కకి సూదిమందిచ్చి ప్రాణం తీయడమూ అదే. మనమేమో పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్సల్ట్ అని బడిలో బట్టీపట్టి విమానమెక్కిన వాళ్లం.

నిఘంటువులు రాసినవాళ్లు ఈ ఇబ్బందిని ఎప్పుడో కనిపెట్టారు. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1935లో తెచ్చిన నిఘంటువులో అర్థాలన్నీ 1,490 మాటలతోనే రాశాడు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ సుమారు 2,000 మాటలతో సరిపెట్టుకుంది. పైగా వాటిని వాటి ముఖ్యార్థంలోనే వాడాలని కట్టుబాటు పెట్టుకుంది. ఎంత మర్యాద! నేర్చుకునేవాడి పక్కన కూర్చుని ఆలోచించారు వాళ్లు. ఆ మర్యాద క్లినిక్‌లో, బ్యాంకులో, ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర ఎందుకు కనపడదన్నదే నా గోడు.

తెలుగు మాత్రం తక్కువ తిందా అంటాడు మా అబ్బాయి. నిజమే, ఈత కొడతాం, ఫోను కొడతాం, కూర వాసన కొడుతుంది, సరుకులమ్మే చోటూ కొట్టే. ఇక్కడ వాడితో వాదించలేను. ఒక మాటకున్న ఇన్ని అర్థాల్లో సరైనదేదో వెతికి చెప్పే మా నాన్న గుర్తొస్తారు.

ఇంట్లో అట్ట ఊడిన శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉండేది. ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా మా అరుగు మీదికే తెచ్చేవారు. ఓసారి ఒక రైతు కరెంటు వాళ్ల నోటీసు పట్టుకుని వణుకుతూ వచ్చాడు. అందులో 'చార్జి' అని ఉందనీ, తన మీద కేసు పెట్టారనీ ఎవరో భయపెట్టారట. నాన్న పుస్తకం తెరిచి ఆ మాట కింద వేలు జరుపుకుంటూ నేరారోపణ, దాడి, బాధ్యత, రుసుము అని ఒక్కొక్కటే చదివి వినిపించి, కాగితం మళ్లీ చూసి, "నీది ఈ చివరిదయ్యా, డబ్బు కట్టమంటున్నారు అంతే" అన్నారు. "కేసు కాదు కదా?" అని రెండుసార్లు అడిగి, కట్టాల్సింది ఎంతో కూడా కనుక్కోకుండా లేచి వెళ్లిపోయాడా మనిషి.