మెట్టమీది కచేరీలు

విశాఖపట్టణమున సముద్రమునకు ఎదురుగా, వాల్తేరు మెట్టమీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసియున్నది. దానికి దక్షిణమున, యారాడ కొండ ప్రక్కగా ఓడరేవున్నది. ఈ రెంటికిని నడుమ దూరము కొద్దియే. అయినను నా విద్యార్థిదశలో అది నాకు మిక్కిలి పెద్దదిగా తోచెడిది. మా నాయన రేవులో కళాసీ; నేను మెట్టమీద చదువుకొనుచుంటిని.

1933వ సంవత్సరము ఈ రెండు తావులకును గుర్తుంచుకొనదగినది. ఆ యేడు అక్టోబరులో ‘జలదుర్గ’ యను ఓడ క్రొత్త రేవున ప్రవేశించినది. ఆ యేడే రవీంద్రనాథ ఠాగూరు విశ్వకళాపరిషత్తునకు వచ్చి మానవుని గూర్చి ప్రసంగించెను. అప్పుడచ్చట వైస్‌చాన్సలరు సర్వేపల్లి రాధాకృష్ణన్. కవులను, కళావేత్తలను పిలిపించి వారి మాటలు వినుట ఆ మెట్టకు తొలినాటినుండి వచ్చిన అలవాటు.

విశ్వకళాపరిషత్తునకు అరువది యేండ్లు నిండిన 1986లో నేనచ్చట విద్యార్థిగా నుంటిని. ఆ చలికాలమున మాకు వరుసగా కొన్ని కచేరీలు జరిగినవి. సాయంకాలము కచేరి, మరునాటి ఉదయము ఆ కళాకారుడే మాతో కూర్చుండి తన విద్యను గూర్చి ముచ్చటించుట. రుసుము లేదు. ఎవ్వరైనను రావచ్చును. వచ్చినవారికి చోటు చూపు పని మావంటి విద్యార్థులది. నా చొక్కాకు ఒక పట్టుగుడ్డ పువ్వు తగిలించిరి. దానిని చూచుకొని నేను కొంత గర్వపడితినని చెప్పక తప్పదు.

ఒకనాటి రాత్రి భోజనమువేళ, “రేపు ద్వారము వేంకటస్వామినాయుడుగారి శిష్యుడు ఫిడేలు వాయించును” అని ఇంటిలో చెప్పితిని. మా నాయన చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయెను. ఆయన విజయనగరము ప్రాంతపువాడు. చిన్నతనమున పాలు పోయుటకు పట్టణమునకు పోయి, సంగీత కళాశాల గోడవెలుపల నిలిచి, లోపల నాయుడుగారు వాయించుచుండగా వినెడివాడట. ఈ సంగతి మాకు అంతకుముందెన్నడును చెప్పలేదు.

మరునాటి సాయంకాలము ఆయన పని దిగి తిన్నగా సభకు వచ్చెను. రేవులో ఇనుప ఖనిజపు ఎర్రధూళి ఎల్లవేళల ఎగురుచుండును. అది ఆయన తలవెండ్రుకలలోను, మెడచుట్టును అంటియున్నది. నా ప్రక్క ఇద్దరు మిత్రులుండిరి. ఆయన నా యొద్దకు వచ్చి మెల్లగా, “లోపల చోటున్నదా, బాబూ?” అని అడిగెను.

“లేదు” అంటిని.

నా వెనుక వరుసలకు వరుసలు కుర్చీలు ఖాళీగా నుండెను. ఆయన వానిని ఒకసారి చూచెను, నన్నొకసారి చూచెను. “సరే నాయనా” అని మరలిపోయెను. “ఎవరు వారు?” అని మిత్రుడొకడు అడిగెను. నేనేమి చెప్పితినో నేటికిని వ్రాయుటకు చేయి రాదు.

ఆనాటి కచేరిని నేను వినలేదు. చెవులున్నవి, వాద్యము మ్రోగుచున్నది, అంతే.

మరునాటి ఉదయము ఆ వృద్ధవిద్వాంసుడు మాకు ఫిడేలు కథ చెప్పెను. అది పడమటి దేశముల వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమునకు అలవరచెను. పాశ్చాత్యులు దానిని గడ్డము క్రింద ఆనించి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి ఒక కొనను ఎదకును, రెండవ కొనను పాదమునకును ఆనింతురు. ఎడమచేతికి వాద్యమును మోయు పనిలేదు గనుక వ్రేళ్లు తీగెపై స్వేచ్ఛగా జారును. గమకములకు ఆ జారుడే ప్రాణము. “వీణకు మెట్లున్నవి. దీనికి లేవు. వ్రేలు ఎచ్చట నిలువవలెనో కన్ను చెప్పలేదు. చెవి చెప్పవలెను” అని, వ్రేలిని వెంట్రుకవాసి జరిపి చూపెను. స్వరము వెంటనే పులిసిపోయినట్లాయెను.

తరువాత తన గురువును గూర్చి చెప్పెను. 1893లో జన్మించిన నాయుడుగారికి చిన్ననాటనే చూపు మందగించుటచే బడిచదువు సాగలేదు. 1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినపుడు ఆయన విద్యార్థిగా చేరుటకు పోయెను. అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన వాద్యము విని, విద్యార్థిగా కాదు, ఉపాధ్యాయుడుగానే నియమించిరి. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. బడిచదువు లేని ఆయనకు మా విశ్వకళాపరిషత్తు 1950లో ‘కళాప్రపూర్ణ’ బిరుదమిచ్చెను.

కంటితో కాదు, చెవితో అనగానే నాకు మా నాయన జ్ఞప్తికి వచ్చెను. ఓడ గర్భమునుండి సరకు పైకి లేచునపుడు ఇనుపత్రాటి మోత విని, బరువు తిన్నగా పట్టినదో ఒరిగినదో ఆయన చూడకయే చెప్పగలడు. “త్రాడు ఏడ్చుచున్నది, దింపుడు!” అని ఆయన వేసిన కేకవలన ఒకసారి క్రిందనున్న ఇద్దరు బ్రతికిరని తోటి కళాసీలు మా ఇంటికి వచ్చి చెప్పియుండిరి. అట్టి చెవిగలవానికి నేను చోటులేదంటిని.

ఆ సాయంకాలము మా అమ్మ నాతో, “నిన్న మీ నాయన ఇల్లు చేరుసరికి పదకొండు గంటలైనది. గోడ ప్రక్క చెట్టుక్రింద నిలుచుండి అంతయు వినెనట. కాళ్లు నొచ్చుచున్నవని నూనె రాయించుకొనెను” అనెను. నేనేమియు పలుకలేదు.

మరి రెండు కచేరీలు గడచినవి. కడపటిదానికి ముందునాడు ధైర్యము తెచ్చుకొని, “రేపు కచేరికి రావలెను, నాయనా” అంటిని.

“చోటుండునా?” అని ఆయన అడిగెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజముగనే అడిగెను. ఉన్నచో కొంత తేలికగా నుండెడిది.

మరునాడు ఆయన స్నానముచేసి, ఉతికిన తెల్లచొక్కా తొడిగికొని వచ్చెను. ద్వారముకడ నిలిచి, అడుగు ముందుకు వేయక నావైపు చూచెను. ఆ మిత్రులిద్దరును నా ప్రక్కనే యుండిరి. “వీరు మా నాయన” అని వారికి చెప్పి, ఆయన చేయిపట్టుకొని లోపలికి తీసికొనిపోతిని. ముందువరుసలో కూర్చుండుమనిన ఒప్పుకొనలేదు. గోడకు దగ్గరగా, కడపటి కుర్చీని తానే ఎంచుకొనెను. నేను నా పట్టుగుడ్డ పువ్వు తీసి జేబులో వేసికొని, ఆయన ప్రక్కన కూర్చుంటిని.

వేదికపై శ్రుతి చేయుచుండిరి. ఒక తీగె ఇంకను కలియలేదు. మా నాయన కన్నులు మూసికొని తల కొంచెము అడ్డముగా ఆడించెను. ఒక క్షణమునకు విద్వాంసుడు ఆ తీగెనే మరల బిగించెను.