ఒకే వేరు - పలు కొమ్మలు

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డునూ చేరడని పెద్దలు హెచ్చరిస్తూ ఉంటారు. చదువు ముగించుకొని జీవనమార్గాన్ని ఎంచుకొనే యువతీయువకులకు ఈ హెచ్చరిక తరచుగా వినబడుతుంది. కవిత్వం రాయాలనుకొనేవారిని 'అది కూడు పెట్టదు' అని వారిస్తారు. ఉద్యోగం చేసుకొంటూ రాసేవారిని 'తీరికవేళల రచయితలు' అని తేలిక చేస్తారు. సినిమాకు రాసేవారిని 'కలాన్ని అమ్ముకొన్నారు' అని నిందిస్తారు. ఈ మూడు మాటల నడుమ నలిగి, రాయవలసిన తొలి పుటనైనా రాయకుండానే ఆగిపోయినవారు ఎందరో ఉన్నారు. పలు పనులు చేయడం నిజంగా దోషమేనా? పనుల సంఖ్య మనిషిని చెదరగొడుతుందా, లేక ఆ పనులను కలిపి ఉంచే సూత్రం లేకపోవడం చెదరగొడుతుందా? ఈ ప్రశ్నకు తెలుగు సాహిత్య చరిత్రలోనే సమాధానం దొరుకుతుంది.

మన ప్రాచీన కవులలో కేవలం కవిత్వాన్నే పనిగా పెట్టుకొని జీవించినవారు అరుదు. శ్రీనాథుడు కొండవీటి ప్రభువైన పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారి. రాజు ఇచ్చిన దానాలకు శాసనపాఠాలు కూర్చడం ఆ పదవిలోని వారికి ఉండే బాధ్యతలలో ఒకటి. ఫిరంగిపురం శాసనాన్ని రచించిన చేతితోనే ఆయన శృంగారనైషధాన్నీ రచించాడు. పోతన హాలికుడై పొలం దున్నుకొన్నాడని లోకం నేటికీ చెప్పుకొంటుంది. శ్రీకృష్ణదేవరాయలకు రాజ్యపాలనమే వృత్తి. ఆముక్తమాల్యద ఆయన ప్రవృత్తికి ఫలం. వృత్తి, ప్రవృత్తి అనే జంటపదాలు మన భాషలో పక్కపక్కనే నిలిచి ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒకటి దేహానికి ఆధారం, మరొకటి మనస్సుకు ఆధారం. ఆ రెంటికీ పొత్తు కుదుర్చుకోవడంలోనే జీవనకళ ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో రాజాస్థానాల వైభవం అంతరించింది. అచ్చుయంత్రం, రేడియో, చలనచిత్రం రచయితకు కొత్త ఆశ్రయాలయ్యాయి. ఈ మూడింటికీ అప్పట్లో మద్రాసు నగరమే నెలవు. తెనాలి ప్రాంతం నుండి వచ్చిన చక్రపాణి బెంగాలీ నేర్చి శరత్ నవలలను తెలుగు చేశారు, బి. నాగిరెడ్డితో కలిసి 1947లో 'చందమామ' మాసపత్రికను స్థాపించారు. విజయా సంస్థ ద్వారా చిత్రనిర్మాణంలోనూ ప్రసిద్ధులయ్యారు. ఆ తెనాలి నుండే వచ్చిన కొడవటిగంటి కుటుంబరావు కథలు, నవలలు, శాస్త్రవిషయక వ్యాసాలు రాస్తూనే 1980లో కన్నుమూసే వరకు చందమామకు సంపాదకత్వం వహించారు. ఈ కోవలో మరింత విలక్షణమైన బాట వేసుకొన్నవారు ఆరుద్ర.

ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నం జిల్లా యలమంచిలిలో జన్మించారు. మహాకవి శ్రీశ్రీ ఆయనకు వేలువిడిచిన మేనమామ. విజయనగరం కళాశాలలో చదువుకొంటున్న కాలంలోనే రాజకీయ చైతన్యం ఆయనను ఆకర్షించింది. చదువు సాగలేదు. 1943లో వైమానిక దళంలో చేరి నాలుగేండ్లు పనిచేశారు. అనంతరం మద్రాసు చేరి 'ఆనందవాణి' వారపత్రికకు సంపాదకులయ్యారు. పట్టభద్రుడు కాని ఆ యువకునికి మహానగరంలో నిలువ నీడ సులభంగా దొరకలేదు. పానగల్ పార్కు వద్ద మంచినీళ్లతో కడుపు నింపుకొన్న రోజులు కూడా ఆయన జీవితంలో ఉన్నాయని చెబుతారు. తెలంగాణలో రజాకార్ల దౌర్జన్యాలకు చలించి ఆయన వెలువరించిన 'త్వమేవాహం' కావ్యం ఆధునిక కవిత్వంలో నూతన ప్రయోగంగా నిలిచింది. కావ్యం కీర్తిని ఇచ్చింది. కాని అద్దె చెల్లించడానికి కీర్తి అక్కరకు రాదు. 'బీదలపాట్లు' చిత్రంతో ఆయన సినిమారంగంలో అడుగుపెట్టారు.

సినిమాపాట రాయడం పైకి కనిపించినంత తేలిక కాదు. సన్నివేశం దర్శకునిది, బాణీ సంగీత దర్శకునిది, గొంతు గాయకునిది. కవికి మిగిలినది వాటి నడుమనున్న సన్నని సందు మాత్రమే. బాణీలో ఎన్ని మాత్రలున్నాయో అన్ని మాత్రలలోనే భావం ఇమడాలి. విన్నవెంటనే పామరునికి సైతం అర్థం కావాలి. గడువులోగా చేతికి అందాలి. అనువాద చిత్రాలకు రాయడం ఇంతకన్న కష్టం. రాజ్‌కపూర్ నటించిన 'ఆహ్' అనే హిందీ చిత్రం 'ప్రేమలేఖలు' పేరుతో తెలుగులోకి వచ్చినప్పుడు పాటలు ఆరుద్రే రాశారు. తెరమీది నటుని పెదవులు మూసుకొనే చోట ప, బ, మ వంటి ఓష్ఠ్యాక్షరాలు పడాలి. నోరు తెరచిన చోట దీర్ఘాచ్చులు పడాలి. వ్యాకరణ పుస్తకంలో వర్ణాల ఉత్పత్తిస్థానాలను కంఠస్థం చేసే విద్యార్థికి ఆ పాఠం ఎక్కడ ఉపయోగపడుతుందో తెలియదు. అనువాద గీతాలు రాసే కవికి అది నిత్యావసరం.

ఈ కట్టుబాట్లు ఆయన కవితకు సంకెళ్లు కాలేదు. మాటను పొదుపుగా వాడటం, పాదం చివర ప్రాసను మెరిపించడం, పండితునికీ పామరునికీ ఒకే మాటతో చేరువ కావడం పాటలు రాసేవారికి అలవడే విద్యలు. ఈ గుణాలే 1964లో వెలువడిన 'కూనలమ్మ పదాలు'లోనూ కనిపిస్తాయి. చిన్నచిన్న పాదాలలో, అంత్యప్రాసల గలగలలో లోకం పోకడను చెప్పే ఆ పదాలు సామాన్య పాఠకుల నాలుకలపై నిలిచాయి. 'పద్యం' అనే మాటను జనం పలికే తీరులో 'పజ్యం' చేసి, 'ఇంటింటి పజ్యాలు' వెలువరించిన చనువు కూడా ఆయనదే. మరోవైపు బాపు దర్శకత్వంలో వచ్చిన 'సాక్షి' (1967), 'ముత్యాలముగ్గు' (1975) వంటి చిత్రాలకు రాసిన పాటలలో కవిత్వపు పరిమళం తగ్గలేదు. ఒక చేతి నేర్పు మరొక చేతికి అందిన తీరు ఇది.

అయినా పాటల వద్దనే ఆగిపోయి ఉంటే ఆరుద్ర మంచి గీతరచయితగా మాత్రమే మిగిలేవారు. ఆయన జీవితానికి నడిమి దూలంగా నిలిచినది 'సమగ్రాంధ్ర సాహిత్యం'. 1965 నుండి వెలువడిన ఈ గ్రంథం 12 సంపుటాలుగా విస్తరించింది. ఒక విశ్వవిద్యాలయ శాఖో, ఒక పండిత పరిషత్తో చేపట్టవలసిన ఈ బృహత్కార్యాన్ని ఒక్క వ్యక్తి తలకెత్తుకొన్నాడు. ఆ వ్యక్తికి ఆచార్యపదవి లేదు, పరిశోధక వేతనం లేదు. పరిశోధనకు కావలసిన తీరికను తానే సంపాదించుకోవాలి.

అంతకు ముందు కందుకూరి వీరేశలింగం 'ఆంధ్ర కవుల చరిత్రము'ను ఒక్కొక్క కవిని గురించి చెబుతూ సాగించారు. ఆరుద్ర తన చరిత్రను పాలకుల కాలాలను బట్టి విభజించుకొన్నారు. కాకతీయులు, రెడ్డిరాజులు, రాయలు, నాయకరాజులు, నవాబులు, జమీందారులు - ఇలా యుగం వెంట యుగాన్ని పరిశీలిస్తూ, ఆ కాలపు శాసనాలు, రాజకీయ స్థితిగతులు, సమాజపు తీరు వివరించి, ఆ నేపథ్యంలో కవిని నిలబెట్టారు. కావ్యం ఆకాశం నుండి ఊడిపడదని, దాని వెనుక ఒక కాలం, ఒక కొలువు, ఒక ఆకలి ఉంటాయని ఆ గ్రంథం చదివినవారికి బోధపడుతుంది. చరిత్రను కథవలె చెప్పగల వచనం దానికి మరొక అలంకారం. ఆయన నిర్ణయాలన్నింటినీ పండితులు అంగీకరించాలన్న నియమం లేదు. పరిశోధనకు అది సహజం. కాని తెలుగు సాహిత్య చరిత్రను అధ్యయనం చేసేవారికి ఆ సంపుటాలు తప్పించుకోరాని మజిలీ.

ఈ రెండు ప్రధాన కృషుల పక్కన ఆయనకు చిన్న పనులు కూడా అనేకం ఉన్నాయి. అపరాధ పరిశోధక నవలలు రాశారు. నాటికలు రాశారు. చదరంగం ఆటను గురించి తెలుగులో పుస్తకం రాశారు. వేమనను గురించీ, రామకథలోని చిక్కుముడులను గురించీ పరిశోధించారు. వీటిలో కొన్ని కాలక్షేపం పనులుగా కనిపించవచ్చు. కాని జాగ్రత్తగా చూస్తే ఇవి కూడా పరాయివి కావు. దొరికిన ఆధారాలను పేర్చి దాగిన నిజాన్ని బయటికి లాగడం నవలలోని పరిశోధకుని పని. శిథిలమైన శాసనాన్ని, అవతారికలోని ఒక పద్యాన్ని పట్టుకొని కవి కాలాన్ని తేల్చడం సాహిత్య పరిశోధకుని పని. పది ఎత్తులు ముందుగా ఊహించే ఓర్పు చదరంగానికీ కావాలి, పన్నెండు సంపుటాల గ్రంథానికీ కావాలి.

ఇంత వైవిధ్యానికి మూల్యం లేకపోలేదు. పాటకు ఇంతని పారితోషికం పొందే రచయిత పరిశోధనకు వెచ్చించిన ప్రతి దినమూ రాబడిలో కోతే. గ్రంథాలు కొనాలి, ఊళ్లు తిరగాలి, రాసినదానిని మళ్లీ సరిచూడాలి. వాటికి అయ్యే ఖర్చు ఇంటి ఖర్చులోనుండే పోవాలి. గడువుల కోసం రాసిన వందల పాటలలో కాలానికి నిలవనివి కూడా ఉంటాయి. ఏకకాలంలో పది బరువులు మోసే దేహం అలసిపోతుంది. 1954లో ఆయనను వివాహమాడిన కె. రామలక్ష్మి స్వయంగా పేరెన్నిక గన్న కథా, నవలా రచయిత్రి, పత్రికా రచయిత్రి. సంసారభారం మోస్తూనే తన కలాన్ని ఆమె విడిచిపెట్టలేదు. ఒక మనిషి బహుముఖ కృషి వెనుక మరొక మనిషి ఓర్పు కూడా ఉంటుందన్న సత్యాన్ని విస్మరించరాదు. ప్రతిభను కీర్తించే వ్యాసాలలో ఈ లెక్క తరచుగా రాయబడదు.

'గురజాడ గురుపీఠం' అనే వ్యాససంపుటికి 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆరుద్రను వరించింది. 1998 జూన్ 4న ఆయన దివంగతులయ్యారు. 2025 నాటికి ఆయన పుట్టి నూరేండ్లు నిండాయి. నేటి యువత ఎదుట ఆనాటికన్న ఎక్కువ దారులున్నాయి. కథ రాసేవారు లఘుచిత్రాలు తీస్తున్నారు. ఉద్యోగం చేసేవారు రాత్రివేళ సంభాషణలు రాస్తున్నారు. బొమ్మలు గీసేవారు పుస్తకాల ముఖచిత్రాలు వేసి బోధనరుసుము చెల్లించుకొంటున్నారు. అవకాశాలు పెరిగిన కొద్దీ చెదిరిపోయే ప్రమాదమూ పెరిగింది.

ఆరుద్ర జీవితం వారికి చెప్పే పాఠం ఒక్కటే. పది పనులు చేయడం తప్పు కాదు. ఆ పదింటి నడుమ ఏండ్ల తరబడి విడువకుండా చేసే ఒక పెద్దపని లేకపోవడం తప్పు. ఆ పెద్దపని ఉన్నప్పుడు చిన్న పనులన్నీ దానికి కప్పం చెల్లిస్తాయి. ఒకటి డబ్బు తెస్తుంది, ఒకటి నేర్పు తెస్తుంది, మరొకటి అలసిన మనస్సుకు విశ్రాంతి ఇస్తుంది. అది లేనప్పుడు ఎంత శ్రమించినా తూర్పారపట్టిన తరువాత మిగిలేది పొల్లే.

ఆయన కలంపేరు ఒక నక్షత్రానిది. ఆ నక్షత్రం పేరుతోనే రైతులు పిలుచుకొనే ఆరుద్ర కార్తెలో తొలకరి వానలు కురుస్తాయి. ఆ వాన చేను చేనుకూ వేరుగా ఎంచి కురవదు. మెట్టమీదా పల్లంలోనూ సమంగానే కురుస్తుంది. అయితే ముందుగా దుక్కి దున్ని, విత్తనం సిద్ధం చేసుకొన్న చేనులోనే అది పంటగా మారుతుంది. జీవితంలో పలు దిక్కులనుండి వచ్చే అవకాశాలూ అటువంటి వానలే. తన చేను ఏదో ముందుగా తెలుసుకొని దున్ని ఉంచుకొన్నవారికే అవి ఫలిస్తాయి.