పసుపు గీతలు

అమ్మ దగ్గర ఒక పాత రూళ్ళ పుస్తకం ఉంది. 2011లో కట్టిన చిట్టీ లెక్క అంతా అందులోనే. ఏ నెల ఎవరు పాడుకున్నారు, ఎంతకి పాడారు, అమ్మ ఆ నెల ఎంత కట్టింది, అన్నీ పెన్సిల్ రాతలో. పద్నాలుగో నెలతో లెక్క ఆగిపోతుంది. ఆ తర్వాత మా వీధిలో చిట్టీలు నడిపే ఆవిడ బోర్డు తిప్పేసింది. ఇరవై మందిలో ఇంకా చిట్టీ ఎత్తుకోని ఆరుగురిలో అమ్మ ఒకర్తి. చివర్లో ఎత్తుకుంటే ఎక్కువ వస్తుంది, నా కాలేజీ ఫీజుకి సరిపోతుందని ఆగింది.

2018 మొదట్లో సాలిడిటీ నేర్చుకుంటున్నప్పుడు ఏం రాయాలా అని పెద్దగా ఆలోచించలేదు. మోసం చెయ్యడానికి వీల్లేని చిట్టీ రాద్దామనుకున్నాను. ఈథీరియం మీద నడిచే ఒప్పందాలు రాసే భాష అది. ఒకసారి బ్లాక్‌చెయిన్ మీద పెట్టాక ఆ కోడ్‌ని రాసినవాళ్ళు కూడా దిద్దలేరు. ట్రఫుల్‌తో తయారుచేసి, సొంత కంప్యూటర్లో ఉత్తుత్తి చెయిన్ నడిపే గనాష్ మీద ఆడించి చూసి, రాప్‌స్టెన్ అనే పరీక్షా నెట్‌వర్క్ మీద పెట్టాను. అక్కడ తిరిగేది అసలు డబ్బు కాదు. అయినా ఆ రాత్రి అమ్మని నిద్రలేపి చూపించాను. "దీన్ని ఎవ్వరూ చెరపలేరమ్మా" అన్నాను. "సరేలే, పడుకో" అంది.

ఆ ఏడాదే నాన్నకి పక్షవాతం వచ్చింది. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేశాను. నాన్న పోయాక, 2024లో మళ్ళీ ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాను. ఇంటర్వ్యూల్లో చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా. పాత ల్యాప్‌టాప్ తీశాను.

రాప్‌స్టెన్ లేదు. 2022 చివర్లో ఆపేశారు. ఎవ్వరూ చెరపలేరని అమ్మకి చెప్పిన చిట్టీ దానితోపాటే పోయింది. ట్రఫుల్, గనాష్ కూడా లేవు. వాటిని చూసుకునే కన్సెన్సిస్ సంస్థ 2023 సెప్టెంబర్‌లో ఇక ఆపేస్తున్నామని ప్రకటించింది. హార్డ్‌హ్యాట్ ఎక్కించుకుని, ఫైలు పైన ఉన్న వెర్షన్ అంకెని 0.8కి మార్చి కంపైల్ కొట్టాను. ఎర్ర గీతలే ఎర్ర గీతలు.

నేను రాసిన 'త్రో' చెల్లదట. 'వార్' చెల్లదట. 'ఇయర్స్' అనే మాటని 2018 నవంబర్‌లో వచ్చిన 0.5 లోనే తీసేశారు. అన్ని సంవత్సరాలకీ 365 రోజులే లెక్కేసేది అది; లీపు సంవత్సరాలతో గందరగోళమని తీసేశారు. 2020లో 'నౌ' కూడా పోయింది. అది నిజంగా 'ఇప్పుడు' కాదు, బ్లాకు మీద వేసిన సమయం మాత్రమే, కాబట్టి ఆ సంగతి చెప్పే పేరుతోనే పిలవండి అన్నారు. చిట్టీ ముగిశాక ఒప్పందాన్ని మూసెయ్యడానికి నేను వాడిన మాట 'సూయిసైడ్'. దిగులులో ఉన్నవాళ్ళకీ, అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళకీ ఆ మాట కనపడకుండా ఉంటే మంచిదని హడ్సన్ జేమ్సన్ అనే అతను 2015లోనే ప్రతిపాదించాడు. దాని బదులు వచ్చిన 'సెల్ఫ్‌డిస్ట్రక్ట్' కూడా ఇప్పుడు వద్దంటున్నారు.

ఆరేళ్ళు నేను లేని ఇంట్లో సామానంతా సర్దేసినట్టు అనిపించింది. కోపం రాలేదు గానీ కాస్త సిగ్గేసింది. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాను. చివరికి ఒకే ఒక్క ఎర్ర గీత మిగిలింది. ఈ ఫంక్షన్‌ని ఎవరు పిలవొచ్చో చెప్పలేదు, 'పబ్లిక్' అని పెడదామనుకున్నావా అని అడుగుతోంది కంపైలర్. పెట్టాను. గీత పోయింది. లేచి టీ పెట్టుకున్నాను.

టీ తాగుతూ ఆ ఫంక్షన్ పేరు చూశాను. 'అమ్మచిట్టీ'. ఒప్పందం పేరేమో 'చిట్టీ'.

అప్పట్లో ఒప్పందం పేరే పెట్టుకున్న ఫంక్షన్ పుట్టేటప్పుడు ఒక్కసారే నడిచి, పెట్టినవాళ్ళని యజమానిగా రాసుకునేది. మొదట దాని పేరు 'అమ్మచిట్టీ' అనే పెట్టాను. నలుగురికీ చూపించేటప్పుడు బాగుండదని పైన మాత్రం మార్చాను, లోపల మర్చిపోయాను. పేర్లు కలవకపోతే అది మామూలు ఫంక్షన్ అయిపోతుంది. ఎవరు పిలిస్తే వాళ్ళే యజమాని. యజమాని మూసేస్తే కుండలో ఉన్న డబ్బంతా యజమానికే. పద్నాలుగో నెల తర్వాత ఎవరైనా వచ్చి, ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు.

డైనమిక్ పిరమిడ్ అనే ఒప్పందాన్ని రూబిక్సీ అని పేరు మార్చి, లోపల మార్చడం మరిచిపోయినవాళ్ళ కథ నేను నేర్చుకునే రోజుల్లోనే చదివాను. ఎంత మొద్దులో అనుకున్నాను. ఇలాంటి తప్పులకి తావు లేకుండా 2018 ఏప్రిల్‌లో 'కన్‌స్ట్రక్టర్' అనే ప్రత్యేకమైన మాట తెచ్చారు. అప్పటికే నా చిట్టీ అయిపోయింది, మళ్ళీ తెరవలేదు.

పాత కంపైలర్లని ఎవరూ పారెయ్యలేదు, దింపుకోవచ్చు. 0.4ది దింపి, పాత ఫైలు యథాతథంగా ఇచ్చి చూశాను. కంపైల్ అయింది. కానీ పసుపు రంగులో హెచ్చరికలు వరసగా వచ్చాయి. వాటిలో అదీ ఉంది: ఎవరు పిలవొచ్చో చెప్పలేదు, పబ్లిక్ అనుకుంటున్నాను అని. అంటే ఆ రాత్రి అమ్మని లేపకముందే అది నాకు చెప్పింది. ఎర్రది కాదు కదా అని నేనే చూడలేదు.

అమ్మకి చెప్పాను. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. అంతా విని, "అంటే ఆవిడలాంటిది వస్తే నీ చిట్టీ కూడా ఎత్తుకుపోయేదన్నమాట" అంది.

"ఆవిడే అక్కర్లేదమ్మా. ఎవరైనా సరే."

అమ్మ కాసేపు ఊరుకుంది. "నాకూ తెలుసే" అంది తర్వాత. "పదో నెల నుంచీ ఆవిడ డబ్బులు ఆలస్యంగా ఇస్తోంది. పాడుకున్నవాళ్ళని వారం తర్వాత రమ్మనేది. పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఇన్నాళ్ళు కట్టాక ఇప్పుడేం అడుగుతాంలే అనుకున్నా."

పుస్తకం తెచ్చి చూపించింది. పదో నెల పక్కన చిన్న అక్షరాలతో 'ఆలస్యం' అని ఉంది. పదకొండులో ఉంది. పన్నెండులో ఉంది.

ఇంటర్వ్యూలో కొత్త చిట్టీ చూపించలేదు. పాత ఫైలే తెరిచి ఆ గీత చూపించాను, 'పబ్లిక్' అని పెట్టి టీకి లేచిన సంగతి కూడా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఇతరుల ఒప్పందాలు చదివి తప్పులు పట్టే పని. పసుపు గీతల్ని వదిలేసిన ఫైళ్ళు రోజూ వస్తాయి. రాసినవాళ్ళ మీద మాత్రం ఇప్పుడు నవ్వు రాదు.