పప్పు ముందు, పులుపు తర్వాత

ముందు అన్నం, పప్పు, చారు నేర్చుకో, కొత్త వంటలు ఆ తర్వాత అంటారు పెద్దవాళ్లు. నాకేమో కొత్త వంటకం మొదలుపెడితే తప్ప పాత పాఠం బుర్రకెక్కడం లేదు.

గోంగూర పప్పు చేయబట్టే తెలిసింది, పులుపు తగిలితే కందిపప్పు ఓ పట్టాన మెత్తబడదని. పప్పు ఉడికాకే గోంగూరైనా, చింతపండు రసమైనా. మామిడికాయ పప్పుకీ, సాంబారుకీ అదే సూత్రం.

ఇక ఉప్పు సంగతి. బెండకాయ వేపుడులో అది చివర్లో పడాలి. ముందే వేస్తే నీరూరి జిగురు సాగుతుంది. (కాయలు కడిగాక తడి పూర్తిగా ఆరాలి, మూత పెట్టకూడదు.) అదే వంకాయ దగ్గరికొచ్చేసరికి ఉప్పు ముందే కావాలి, తరిగిన ముక్కలు వెంటనే ఉప్పునీళ్లలో పడకపోతే నల్లబడతాయి. ఉప్పు ఎంత అని అందరూ చెబుతారు, ఎప్పుడు అన్నది ఎవరూ చెప్పరేం? వీడియోలవాళ్లు "రుచికి సరిపడా" అని దాటేస్తారు. మా అత్తయ్యదీ అదే వరస, "కాస్తంత వెయ్యమ్మా" అంటుంది. ఆ కాస్తంత ఆవిడ చేతికి తెలుసు, నా చేతికి ఇంకా తెలియాలి.

పులిహోర పోపు కూడా ఇలాంటిదే. సెనగపప్పు వేగడానికి టైం పడుతుంది కాబట్టి ముందు, ఇంగువా కరివేపాకూ ఆఖర్న.

ఈ ఆదివారం మజ్జిగ పులుసు. విరగకుండా కాస్త సెనగపిండి కలపాలని తెలుసు. ముక్కలే తేలడం లేదు. సొరకాయా, బూడిద గుమ్మడికాయా? మీ ఇంట్లో ఏది వేస్తారో చెప్పండి.