ఆలస్యంగా అందిన కబురు

కరోనా రోజులు గుర్తున్నాయి కదండీ? ఒకే ఇంట్లో ఒకే గాలి పీల్చి, డెబ్బై దాటిన నాయనమ్మ రెండ్రోజులు దగ్గి లేచి కూర్చుంటే, యాభై ఏళ్ల కొడుకు ఆక్సిజన్ మీదికి వెళ్లేవాడు. "ఆవిడది పాతకాలం తిండి, అందుకే" అని తేల్చేసేవాళ్లం. రాగిసంగటి మీద నాకేం కోపం లేదు గానీ, అసలు సంగతి వేరు.

వైరస్ చొరబడగానే యాంటీబాడీలు వచ్చేయవు. కొత్త శత్రువైతే వాటి తయారీకి వారం, పది రోజులు పడుతుంది. అందాకా నెట్టుకొచ్చేది పుట్టుకతో వచ్చిన బలగమే: మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్, ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు. వైరస్ సోకిన కణం ఊరుకోకుండా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌తో ఇరుగుపొరుగు కణాలకు కబురంపుతుంది. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ లండన్‌లో దీన్ని కనిపెట్టారు. కబురు వేళకు అందితే జ్వరం, ఒళ్లునొప్పులతో సరి.

కరోనా గడుసుతనమంతా ఆ కబురును తొక్కిపట్టడంలోనే ఉంది. గడ్డివాము అంటుకున్నప్పుడే నలుగురొస్తే చాలేది. తెల్లారాక ఊరంతా వచ్చిపడి నిప్పుతోపాటు ఇంటినీ పీకేస్తే ఎలా ఉంటుంది? ఊపిరితిత్తుల్లో జరిగేది అదే. మోనోసైట్లనే రోగనిరోధక కణాలు గుంపులుగా చేరి వాపు పెంచుతాయి. న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏనే వలలా విసురుతాయి. సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కట్టడంలో ఆ వలలకూ పాత్ర ఉంది. అప్పటికి వైరస్ తగ్గుముఖం పట్టినా, రోగికి ఊపిరాడదు.

2020లో ఒక పరిశోధన బృందం ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మందిని పరీక్షిస్తే, 101 మంది రక్తంలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. వారిలో 95 మంది మగవాళ్లే. తేలిగ్గా బయటపడిన 663 మందిలో ఒక్కరికీ లేవు. చూడ్డానికి దుక్కలా ఉన్న మనిషిలోనూ కబురు మోసేవాడి కాళ్లు సొంతవాళ్లే విరగ్గొడుతున్నారన్నమాట!

ఇక డెక్సామెథసోన్. రోగనిరోధక కణాల ఆవేశం తగ్గించే చవక స్టెరాయిడ్ మందు. 2020 జూన్‌లో బ్రిటన్ వాళ్ల రికవరీ ట్రయల్ తేల్చిందేమిటంటే, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో ఇది మరణాలను మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ప్రయోజనం కనబడలేదు. కానీ రెండో వేవ్‌లో మనం చేసిందేమిటి? వాట్సాప్‌లో వచ్చిన చీటీ మెడికల్ షాపులో చూపించి, జ్వరం వచ్చిన మర్నాడే స్టెరాయిడ్ మింగినవాళ్లు ఎందరో! సాయానికి బయల్దేరిన కణాల్ని గుమ్మంలోనే ఆపేసినట్టు కాదూ?

స్టెరాయిడ్ల దెబ్బ అక్కడితో ఆగలేదు. 2021లో హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయింది. ఆ ఫంగస్ బీజాలు మనం రోజూ పీల్చే గాలిలోవే. మామూలుగా వాటిని పట్టి మట్టుపెట్టేది కూడా ఈ మాక్రోఫేజ్‌లూ, న్యూట్రోఫిల్సే. షుగర్ ఉన్న మనిషి ఒంట్లో స్టెరాయిడ్ పడితే షుగర్ ఇంకా పెరుగుతుంది, ఆ కణాలు చతికిలబడతాయి. అప్పుడు ముక్కులోకి వెళ్లిన బీజానికి అడ్డేముంటుంది చెప్పండి?