కరవు కట్టిన కమానులు

ఆదివారం. మెదక్ చర్చి ముందు సందడే సందడి. కొవ్వొత్తులు కొనేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, చెట్లకింద అన్నం క్యారియర్లు విప్పేవాళ్లు... అంతమందిలో ఒకాయన మాత్రం తలెత్తి గోడలనే చూస్తున్నాడు.

ఆయనది కనిగిరి. ముప్ఫయ్యేళ్లుగా తాపీపని. వరసగా వానలు మొహం చాటేసేసరికి పెళ్లాంబిడ్డలతో హైదరాబాదు వచ్చేశాడు. ఎన్ని అపార్ట్‌మెంట్లకు గోడలు లేపాడో లెక్కలేదు. ఇనుము, సిమెంటు, సెంట్రింగ్... ఆయనకు తెలిసిన కట్టుబడి అదే. ఇంత ఎత్తున రాయి నిలబడ్డ తీరు ఆయన్ని కదలనివ్వడం లేదు.

'కమాను గుండ్రంగా లేదేంటి నాన్నా?' కొడుకు అడిగాడు.

'కిటుకంతా అక్కడే ఉందిరా' అన్నాడు.

గుండ్రటి కమాను మీద బరువు పడితే దాని కాళ్లు పక్కలకు జారాలని చూస్తాయి. పైన మొనదేలిన కమానులో ఆ బరువు ఎక్కువగా కిందికే దిగుతుంది. మిగిలిన తోపుడును బయటి ఊతగోడలు కాచుకుంటాయి. గోడకు భారం తగ్గింది కాబట్టి అందులో పెద్దపెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు.

ఈ పద్ధతి పేరు గోథిక్. ఇంగ్లండులో 12వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా పల్లెటూరి చర్చిలనూ ఇలాగే కట్టుకున్నారు. జనానికి హాలు, దానికి తూర్పున బలిపీఠం, చాలాచోట్ల పడమట గంట గోపురం. బలిపీఠం ఉన్న భాగం బాగోగులు మతగురువు చూసుకోవాలి. హాలు మరమ్మతులు మాత్రం ఊరివాళ్లవే. ఒక తరం గోడలు లేపితే మరో తరం గోపురం ఎత్తేది!

మెదక్‌లో అంత పనీ పదేళ్లలో అయింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ ఫాస్నెట్ 1914లో మొదలుపెట్టించిన ఈ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. లోపల రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం. బయట వెలుతురు ఉన్నంతసేపే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దుగూకితే అంతా చీకటే.

ఇవన్నీ విన్నాక కూడా మేస్త్రి మనసు ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. కరవు రోజుల్లో పస్తులున్న జనానికి పనీ తిండీ దొరకాలనే ఈ చర్చి కట్టించారని మెదక్‌లో చెప్పుకుంటారు.

కరవు పని ఆయనకు కొత్త మాట కాదు. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. ఆ ముచ్చట చిన్నప్పుడు తాత నోట విన్నదే. అక్కడ మట్టి తవ్వారు, ఇక్కడ రాయి మోశారు. ఆకలి మాత్రం ఒక్కటే. తనను ఊరు దాటించిందీ అదే.

సాయంత్రమైంది. భార్య బస్సుకు వేళవుతోందని తొందరపెడుతోంది. మేస్త్రి గోడ దగ్గరకెళ్లి రాళ్ల వరసమీద అరచేయి ఆనించాడు.

'ఎక్కడైనా వంకర ఉందేమో చూడరా' అన్నాడు కొడుకుతో.

పిల్లాడు ఒక కన్ను మూసి, గోడ వెంబడి చివరిదాకా చూశాడు.

'లేదు నాన్నా.'

'కడుపు కాలుతున్నా చెయ్యి వణకలేదు చూడు' అంటూ చెప్పులేసుకున్నాడు మేస్త్రి.